కుంటని కంచరకు కుంటు సర్టిఫికెట్

పుంగనూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా నా ఏడో ఏట, సెప్టెంబరు మొదటి వారంలో, మదనపల్లె కార్యాలయం నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. మా శాఖ ఉద్యోగులు కొందరు హిమాలయాల్లో ఎనిమిది రోజుల ట్రెక్కింగు పెట్టుకున్నారనీ, సామాన్లు మోసే జంతువుల ఆరోగ్యం చూసే బాధ్యత నాదనీ దాని సారాంశం. నన్నే ఎందుకు వేశారని అడిగాను. ఆడవాళ్లు ఒకరైనా ఉండాలన్నారు. ఆ జవాబు మీద అరగంట వాదించి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఇప్పుడు వాదించడానికి ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేరు.

ఇలాంటి నడకలో మనిషి మోసేది వీపు మీది చిన్న సంచీ ఒక్కటే. గుడారాలు, వంటసామాను, తిండిగింజలు అన్నీ కంచరగాడిదల మీద పోతాయి. మేం పదకొండు మందిమి. మాకు పది కంచరలు, వాటిని తోలే దోర్జే, ఒక వంటమనిషి, ఒక గైడు. రోజూ తెల్లవారగానే ప్రతి కంచరనూ నేను చూడాలి. మేత తిన్నదా, లద్ది ఎలా ఉంది, జీను కింద పుండు పడిందా, నడక సరిగా ఉందా. మూగజీవి ఎక్కడ నొప్పో చెప్పదు గనక మా చదువంతా ఇలాంటి ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. పుస్తకంలో నేను ‘ఫిట్’ అని రాసి సంతకం చేస్తేనే వీపు మీదికి బరువు ఎక్కాలి.

బృందానికి నాయకుడు డిప్యూటీ డైరెక్టరు రెడ్డెప్ప గారు. నా పై అధికారి. రామసముద్రం దగ్గర సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాడు. సంగటి లేని భోజనం ఆయన దృష్టిలో భోజనమే కాదు. ఎత్తైన చోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి రాగిసంగటి ఉడకాలంటే కుక్కరే గతి. ఆ విద్య వంటమనిషికి స్వయంగా నేర్పి, పూటకు రెండు ముద్దలు పెట్టించుకునేవాడు. మిగతా అందరికీ ఒక్కటే.

రెండో మకాంలో కుప్పం నుంచి వచ్చిన గుమస్తా మునెప్పకు ఎత్తు పడక తలనొప్పి పట్టుకుంది. “కుప్పం గాలికే పడిశం పట్టేటోడివి, యాల వస్తివప్పా?” అని రెడ్డెప్ప గారు అందరి ముందూ కడిగేసి, అతన్ని అక్కడి టీ గుడారంలోనే ఆపేశాడు.

నాలుగో మకాంలో తెల్లవారి లద్ది చూడబోయిన నాకు గుడారాల వెనక, రాయి చాటున, రెండు సంగటి ముద్దలు కనిపించాయి. పప్పు కోసం వేలితో చేసిన గుంట కూడా చెదరలేదు. ఎవరివో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

“సార్, రాత్రి తింటిరా?” అన్నాను.

“తింటినమ్మా, రెండు ముద్దలు. ఇంకోటి అడుగుదామనుకుంటి.”

“తలకాయ నొప్పి ఏమన్నా ఉండాదా?”

“నాకా? నువ్వు గాడిదలను సూడమ్మా. మనుషులను సూసేదానికి గైడు ఉండాడు.”

గైడు రోజూ వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెచ్చేవాడు. చెయ్యి చల్లబడితే అది తప్పు చూపిస్తుందని రెడ్డెప్ప గారు రెండు రోజులుగా తప్పించుకుంటున్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టి గైడు నొక్కి అడగలేకపోయాడు.

మేత మానేశాడు. మందకు దూరంగా నిలబడుతున్నాడు. తల వేలాడేస్తున్నాడు. ఆవయితే ఈపాటికి వైద్యం మొదలుపెట్టి ఉందును. చిక్కల్లా, ఆవు అబద్ధం ఆడదు. ఆ రోజు చేరాల్సిన మకాం ఇంకా చాలా ఎత్తు, రాత్రి అక్కడే పడుకోవాలి. కొండజబ్బు ఉన్నవాడు మరింత పైకి పోయి పడుకుంటే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది. తెల్లారి లేవకపోవచ్చు. మునెప్పను అన్న మాటలు తిరిగి తన మీదికి వస్తాయన్న భయంతో ఈయన ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు.

నేను పుస్తకం తెరిచి, ముందు నడిచే కంచర రాణి పేరు ఎదుట ఖాళీ వదిలాను.

“దీని వెనకకాలు మీద నాకు అనుమానంగా ఉండాది సార్. ఫిట్ రాయలేను.”

తన రాణిని కుంటిదంటే ఊరుకోనని దోర్జే హిందీలో గొడవకు దిగాడు. నాకూ హిందీ వచ్చు, గొడవా వచ్చు. కానీ నేను ఎదురుచూస్తున్నది అతని కోసం కాదు. మా వైపు సేద్యగాడు పశువు కాలి విషయంలో ఇంకొకరి మాట నమ్మి ఊరుకోడు. తానే పట్టి నడిపించి చూడాల్సిందే.

“యాడమ్మా కుంటు? తప్పుకో, నేను సూస్తా,” అంటూ రెడ్డెప్ప గారు రానే వచ్చాడు.

“మీరే నడిపించండి సార్. తెలిసిన చెయ్యి గదా,” అన్నాను. నా మొత్తం ఉద్యోగంలో పై అధికారిని పొగిడింది ఆ ఒక్కసారే.

కుంటు పరీక్షకు ఒక పద్ధతుంది. ఒకరు తాడు వదులుగా పట్టుకుని, చదునైన నేల మీద జంతువును ఇరవై అడుగులు తిన్నగా నడిపించి, తిప్పి వెనక్కి తేవాలి. డాక్టరు పోయేటప్పుడు వెనక నుంచి, వచ్చేటప్పుడు ముందు నుంచి చూడాలి. గుర్తుకు నేల మీద గుడారం తాడొకటి పరిచాను. గైడును పక్కన నిలబెట్టుకుని, గాడిదను వదిలేసి దాన్ని పట్టుకున్నాయన కాళ్లు చూడమని చెవిలో చెప్పాను.

అందరూ రాణిని చూశారు. అది గీత గీసినట్టు నడిచింది. రెడ్డెప్ప గారు ఆరో అడుగుకు ఎడమకు తూలాడు, పదో అడుగుకు కుడికి. తిప్పేచోట దాని మెడ దొరికింది కాబట్టి పడలేదు. అయినా రొప్పుతూ వచ్చి, “సూస్తివా? ఏం కుంటూ లేదు,” అన్నాడు.

“రాణికి లేదు సార్,” అన్నాను.

కొండజబ్బు మెదడుకు ఎక్కిందనడానికి తూలే నడకే గుర్తు. గైడు ఇక ఆయన మాట వినలేదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, రాణి మీదే కూర్చోబెట్టి, ఇద్దరు చెరోపక్క పట్టుకుని దించారు. మా నడక అక్కడితో సరి, అందరం వెనక్కి తిరిగాం. దారిలో ఆయన అడిగింది ఒక్కటే: “ఊర్లో ఏమని సెప్తామమ్మా?”

“గాడిద కుంటిందని చెప్దాం సార్.”

సాయంత్రానికి రెండో మకాం చేరాం. అక్కడికి ఆయన నడక కుదుటపడింది, సంగటి ఉందా అని అడిగాడు. మునెప్ప టీ గ్లాసుతో ఎదురొచ్చి, “కూర్చోండి సార్. ఈడ కుప్పం గాలి బాగుంటాది,” అన్నాడు. రెడ్డెప్ప గారు కూర్చుని గ్లాసు అందుకున్నాడు.

సామాను మోసే జంతువు కుంటడం వల్ల యాత్ర నిలిపివేశామని ఆయన నివేదిక రాశాడు, నేను సంతకం పెట్టాను. రాణి నాలుగు కాళ్లూ నిక్షేపంగా ఉన్నాయని దోర్జేకు ఇంకో కాగితం రాసిచ్చి, దాని మీదా సంతకం పెట్టాను. రెండూ ఒకే కంచర గురించి, ఒకే తేదీన. ఉద్యోగంలో ఉండగా ఆ రెండూ ఒకరి చేతిలో పడలేదు.

అప్పటినుంచి ఆసుపత్రికి ఎవరైనా కుంటుతున్న ఎద్దును తోలుకొస్తే, ముందు పట్టుకొచ్చినవాడి నడక చూసేదాన్ని. రెండుసార్లు ఎద్దును ఇంటికీ, మనిషిని పెద్దాసుపత్రికీ పంపాను.