అడిగినవారి గొంతు

"సార్ చనిపోయారు."

మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చిన కబురు అంతే. కన్నుమూశారని, తుదిశ్వాస విడిచారని ఎవరూ రాయలేదు. రాయాలంటే భయం. "శ్వాస ఇడిశిండని నువ్వు పక్కన కూసోని చూసినవా? సచ్చిపోతే సచ్చిపోయిండనే రాయి" అని క్లాసులో అందరి ముందూ మమ్మల్ని కడిగేసిన మనిషి ఆయన. ఆయన పోయిన రోజు కూడా ఆయనకు నచ్చేలాగే వార్త రాశాం. మేం అంత బుద్ధిమంతులం. ఆ బుద్ధి చూసుకునే ఇప్పుడు మా మీద మాకు కోపం వస్తోంది.

సార్ ఒక పనిలో కుదురుగా ఉన్న మనిషి కాదు. మొదట పత్రికలో సబ్ ఎడిటర్. తరువాత రేడియోలో వార్తలు చదివారు, మామూలు మనుషుల చేత మాట్లాడించే కార్యక్రమం ఒకటి నడిపారు. మధ్యలో నాటకాలు రాశారు. వాటిని ఆడినవాళ్లకంటే చూసినవాళ్లు తక్కువని ఆయనే చెప్పి నవ్వేవారు. చివరికి అమీర్‌పేటలో జావా నేర్పే కోచింగ్ సెంటర్ పైన ఒక గది అద్దెకు తీసుకుని, వార్త రాయడం, చదవడం నేర్పారు. కింద కరపత్రాలు పంచేవాళ్లు మమ్మల్ని మెట్ల దాకా తరుముకొచ్చి "పైన ఏ కోర్సు మేడమ్, ప్లేస్‌మెంట్ ఉందా?" అని అడిగేవాళ్లు. ఆ సంగతి సార్‌కి చెబితే, "ఉన్నదని చెప్పు. నౌకరీ ఏడ దొరుకుతదో నాకు ఎర్కలేదు గని, ఊకె అయితే కూసోరు" అన్నారు. నిజమే, మాలో ఎవరమూ ఊరికే కూర్చోలేదు.

నేను తెనాలి వైపు నుంచి వచ్చి అక్కడి హాస్టల్లో చేరిన పిల్లని. మా కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలిచాను కాబట్టి, మొదటి రోజే గొంతు సవరించుకుని వార్త గడగడా చదివేశాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "మంచిగనే ఉన్నది బిడ్డా. గని నువ్వు వార్త చదువుతున్నవా, వార్త అడ్డం పెట్టుకొని నీ గొంతు ఇనిపిస్తున్నవా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "అదేంటి సార్, అలా అంటారు?" అన్నాను. ఆ 'ఏంటి'ని పట్టుకుని వారం రోజులు ఏడిపించారు. ఇప్పటికీ టీవీలో బులెటిన్ చదవబోయే ముందు ఆ ప్రశ్న నన్ను నేను అడుగుతాను.

గొంతు విషయంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. రేడియో కార్యక్రమం కోసం బరువైన రికార్డర్ భుజాన వేసుకుని ఖైరతాబాద్, లక్డీకాపూల్ అంతా తిరిగేవారు. ఆటో డ్రైవర్‌తో, ఆసుపత్రి బయట పండ్లమ్మే ముసలాయనతో, ఎవరితోనైనా సరే మాట కలిపేవారు. స్టూడియోకి వచ్చాక బ్లేడు తీసుకుని, టేపులో తన ప్రశ్న ఉన్నచోటల్లా కోసేసి, కొసలు రెండూ అతికించేవారు. రేడియోలో ఆ మనిషి ఒక్కడే మాట్లాడేవాడు, మనింటికొచ్చి మనతోనే చెబుతున్నట్టు ఉండేది. సార్ మాటలు తెగిన ముక్కలై చెత్తబుట్టలో పడేవి.

"అడిగేటోని పని అడుగుడే. ఇనవడుడు గాదు" అనేవారు. మాకూ అదే నేర్పారు. మా అభ్యాసాల రికార్డింగుల్లో ఆయన అందించిన మాట ఎక్కడైనా పడితే "నన్ను తీసెయ్" అనేవారు. తీసేసేవాళ్లం. హోంవర్క్ ఎగ్గొట్టినవాళ్లం, క్లాసు మానేసి సినిమాకి పోయినవాళ్లం, ఈ ఒక్క మాట మాత్రం తు.చ. తప్పకుండా విన్నాం. ఒక్కరైనా వినకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ తరువాత ఆయన గొంతులో జబ్బు కనిపించింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, మాట దక్కలేదు. అప్పటికింకా అందరి చేతుల్లో గొంతు రికార్డు చేసే ఫోన్లు లేవు. మాట పోయినా ఆయన క్లాసు మానలేదు. మేం చదువుతుంటే తప్పు దొర్లిన చోట బల్ల మీద పెన్నుతో కొట్టేవారు. చప్పుడు రాకపోతే బాగా చదివినట్టు. వార్తలు గొంతుతో చదివి బతికిన మనిషి పెన్ను చప్పుడుతో పాఠం చెబుతుంటే తలెత్తి చూడలేకపోయేదాన్ని. ఆయన మాత్రం నాకేసి చూసి, చదువు చదువు అన్నట్టు చెయ్యి ఊపేవారు.

దినాలు అయిపోయాక మేం కొందరం ఎర్రమంజిల్లో వాళ్లింటికి వెళ్లాం. సార్ భార్యను అందరం అమ్మా అనే పిలుస్తాం. టీ ఇచ్చి, మా ఎదురుగా కూర్చుని, ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"మీ సారు గొంతు ఎవ్వరి తాననన్న ఉన్నదా బిడ్డా? ఆయన రాసినయ్ మస్తున్నయ్. అచ్చరాలు నేనేం జేసుకోను? ఒక్క మాట ఇనాలె. యాదికి తెచ్చుకుందమంటే సుత సరిగ వస్తలేదు."

ఆయన వార్తలు అప్పటికప్పుడు చదివినవి, గాలిలో కలిసిపోయినవి. ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోలో బ్యాండుమేళం తప్ప మాటలు లేవు. ఇక మిగిలింది ఆయన దాచుకున్న క్యాసెట్లు, ఆ రేడియో కార్యక్రమానివి. మా బ్యాచ్‌లో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్న అతను మర్నాడు పాత ప్లేయర్ ఒకటి తెచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో క్యాసెట్టే పెట్టాం. ఆటో డ్రైవర్ మాట్లాడాడు, పండ్లమ్మే ముసలాయన మాట్లాడాడు, గణపతికి రంగులద్దే అతను మాట్లాడాడు. సార్ ఎక్కడా లేరు. పొరపాటున ఒక్క 'ఊఁ' అయినా వదల్లేదు. ఆయన పనితనం మీద నాకు మొదటిసారి కోపమొచ్చింది.

ఇక చాలనుకుంటుండగా, పంజాగుట్టలో ఇస్త్రీ బండి నడిపే ఒకామె క్యాసెట్ వచ్చింది. బొగ్గు ధర గురించి, పెనిమిటి తాగుడు గురించి చెబుతోంది. చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "పోండ్రి సారు, గట్లంటరేంది" అంటూ ఇంకా నవ్వింది. ఏమన్నారో కోసేశారు. ఆ నవ్వును కొయ్యడానికి మాత్రం ఆయనకు చేతులు రానట్టుంది.

అమ్మ ముందుకు వంగింది. "ఏమో అన్నరు. అనకుంటే ఆమె గట్లెందుకు నవ్వుతది? నన్ను సుత గిట్లనే నవ్విస్తుండె" అంది. ఆగి, "జర మల్ల పెట్టు నాయనా" అంది.

అతను వెనక్కి తిప్పి పెట్టాడు. బొగ్గు ధర, పెనిమిటి, ఆ తరువాత నవ్వు. మళ్లీ పెట్టమంది, పెట్టాడు. అమ్మ చెంగు సవరించుకుని చెవి ప్లేయర్‌కి దగ్గరగా పెట్టింది. ఈసారి ఇస్త్రీ ఆమె ఇంకా బొగ్గు ధర దగ్గరే ఉంది, అమ్మ అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.