నీళ్లది తప్పు కాదన్నారు

తొంభైల చివర్లో గాజులరామారంలో మా బోరు నీళ్లు బిందెలో పట్టి ఉంచితే కాసేపటికే పచ్చగా మారేవి. అందుకే నాకు రక్త విరేచనాలు మొదలైనప్పుడు నాయినకు వేరే అనుమానమే రాలేదు. తప్పు నీళ్లదే. అంతకుముందు వట్టి రక్తం చుక్కలు పడ్డప్పుడు మా వీధి వైద్యుడొకాయన మొలలని తేల్చి నెలల తరబడి పసరు తాగించాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాయినది వడ్రంగి పని. రోజూ తెల్లారకముందే, పనికి పోయేముందు మోపెడ్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, శామీర్‌పేట దగ్గర మా మేనమామ పొలం బావికి పోయేవాడు. ఆ నీళ్లు నాకొక్కదానికే. ఇంట్లో ఇంకెవరు గ్లాసు ముంచినా గయ్యిమనేవాడు.

"గీ నీళ్లు కడుపుల వడితే అదే సల్లవడ్తది బిడ్డా" అనేవాడు. నేనూ నమ్మాను. మనిషి అంత దూరం పోయి తెస్తుంటే తగ్గకుండా ఎట్లా ఉంటుంది?

తగ్గలేదు. మేడ్చల్లో కాలేజీకి పోతూ ఒకరోజు గండిమైసమ్మ దగ్గర బస్సు ఆపించి పరిగెత్తాల్సి వచ్చింది. ఆ సిగ్గుతో చదువు మానేశాను. చివరికి పట్నంలో పెద్దాసుపత్రిలో కింది నుంచి పేగులోకి గొట్టం వేసి చూశారు.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. క్రిములతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు నా పెద్దపేగు గోడలోకి గుంపులుగా చేరాయట. క్రిములను కరిగించడానికి వాటి దగ్గర ఎంజైములుంటాయి. నా కణాలు అవసరం లేకపోయినా వాటిని వదులుతూనే ఉన్నాయి. ఆ ఎంజైములు పేగు గోడనే తింటున్నాయి. పుండు పడ్డకొద్దీ ఇంకిన్ని కణాలు వస్తాయి. మందులతో అణచవచ్చు, లొంగకపోతే పేగు తీసేయాలి అంది.

"మరి నీళ్లతోని కాదా మేడం?" అన్నాడు నాయిన.

"నీళ్ల తప్పు కాదండీ. అవి మార్చినంత మాత్రాన ఇది తగ్గదు."

నాయిన ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం ఇంకా నల్లబడింది. నాకు ఒళ్లు మండింది. బస్టాపులో అడిగేశాను.

"మన నీళ్ల తప్పు లేదన్నది గదా, ఇంకేంది పరేషాన్?"



"నీళ్లయితే మార్చిన. నీ ఒంట్లున్నదాన్ని నేనెట్ల మార్చాలె?" అన్నాడు.

మర్నాడు నేను లేచేసరికి నాయిన నీళ్లకు పోలేదు, ఇంకా మంచం మీదే ఉన్నాడు. నిద్రపోవడం లేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంత రక్తం పోయినప్పుడు కూడా రాని భయం నాకు అప్పుడు వచ్చింది. నేను బతకనేమో అనిపించింది.