విరుపు వారం

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి మగవాళ్లకు ఒక కష్టం వచ్చిపడింది. అంతకుముందు కొన్నేళ్లు టెంట్ల కింద కూర్చుని, రోడ్ల మీద వంటలు చేసి, గొంతులు బొంగురుపోయేదాకా మాట్లాడారు. రాష్ట్రం వచ్చింది, టెంట్లు పీకేశారు. అలవాటుపడ్డ నోళ్లు మాత్రం ఊరుకోలేదు. అట్లా పుట్టింది మా చర్చా సంఘం. మహబూబ్‌నగర్‌కూ షాద్‌నగర్‌కూ నడుమ, ప్యాసింజర్ రైలు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు మాది. ఊరి మధ్యలో ఎరువుల దుకాణం, దాని మీది గది మా సంఘం. అసెంబ్లీలో ఏ బిల్లు పెట్టారు, పార్లమెంటులో ఏది పాసైంది, దానివల్ల మనకేం ఒరుగుతుంది అని ఆదివారం పొద్దున అక్కడ తేల్చేవాళ్లం. కింద యూరియా వాసన, పైన రాజ్యాంగం.

దుకాణం యజమానే సంఘానికి అధ్యక్షుడు. ఆయన్ని నేను అన్నా అని పిలుస్తాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. నన్ను సంఘంలోకి తెచ్చింది ఆయనే. నేను ఈ ఊరి కోడలిని, ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే టీచరును. అటు పుట్టింట్లో, ఇటు అత్తింట్లో గొర్రెలు కాసి బతికినవాళ్లే. ఒకరోజు ఆయన మా అత్త దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, నీ కోడలు బడి పిల్లగాండ్లకు రాజ్యాంగం చెప్తది. మాకు గూడ జర చెప్పనియ్యి" అన్నాడు. మా అత్త కాసేపు గొణిగి సరేనంది. ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. అయినా ఒక్కనాడూ నాకు బెరుకనిపించలేదు. అన్న ఉన్నాడు కదా అని ధైర్యం.

మా సంఘానికొక పద్ధతి ఉండేది. మొదటి ఆదివారం విరుపు, రెండో ఆదివారం అతుకు. ఏ ముచ్చట తెచ్చినా ముందు వారం అందరూ దాన్ని విరగ్గొట్టాల్సిందే, మంచి ఒక్క ముక్క చెప్పకూడదు. తర్వాతి వారం అవే నోళ్లతో దాని మంచి చెప్పి అతకాలి. చేతులెత్తడం ఆ తర్వాతే. ఇంకో షరతు కూడా ఉంది. ముచ్చట ఎవరిదైతే మొదటి విరుపు వాళ్లదే. ఈ పద్ధతి పెట్టింది కూడా అన్నే. "సంతల గొర్రెను కొనేటప్పుడు ముందుగాల నోరు తెరిచి పండ్లు చూస్తం, కాళ్లు చూస్తం. తప్పులన్ని చూసినంకనే బేరం. బిల్లు గూడ గంతే" అనేవాడు. విరుపు వారం అన్న మాట గది దాటి పోకూడదన్నది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. సగం మాట బయట తిరిగితే ఊరికి చేటు అనుకునేవాళ్లం.

నాకు ఆ ఆట భలే నచ్చేది. సాగు చేసేవాడి పేరు రాసే గడి భూముల రికార్డైన పహాణీలో ఇక ఉండదని అసెంబ్లీ చట్టం చేసినప్పుడు, దాన్ని అతకడానికి నాకు నోరు రాలేదు. "నచ్చకున్నా అతకాలె చెల్లె, గప్పుడే ఎదుటోని బుర్రల ఏమున్నదో తెలుస్తది" అని అన్న నాతో చెప్పించాడు. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లిచ్చే బిల్లు పార్లమెంటులో పాసైనప్పుడు ఆయనే లడ్డూలు తెప్పించాడు. విరుపు నేనే మొదలుపెట్టాను. "జనాభా లెక్కలు కావాలె, నియోజకవర్గాల హద్దులు మళ్ల గీయాలె, గప్పటిదాక అమలు లేదంట. లగ్గం ఇయ్యాల్నే, కాపురం ఎప్పుడో" అన్నాను. గదంతా నవ్వింది. అతుకు వారం అన్న లేచి నిలబడ్డాడు. "ఢిల్లీల చట్టం సంగతి తర్వాత. మన ఊరి ఆడోళ్లను మనం ముంగట నడిపియ్యకుంటే ఆ చట్టం ఉండి ఏం ఫాయిదా?" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజు ఆయన భార్య చాయ్ పట్టుకుని పైకి వచ్చింది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. "రా వదినా, జరసేపు కూసో" అన్నాను. "పొయ్యి మీద పప్పున్నది వదినా" అని గడప దగ్గరే ఫ్లాస్కు పెట్టి దిగిపోయింది. అన్న కూర్చోమనలేదు. అది నాకు అప్పుడు తట్టనే లేదు.

పంచాయతీలకు చాలాకాలం ఎన్నికలు జరగలేదు. ప్రత్యేకాధికారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. బీసీల వాటా పెంచే బిల్లు అసెంబ్లీలో పాసై ఢిల్లీలో ఆగిపోతే, దాని మీద మేం ఎన్ని ఆదివారాలు కొట్లాడుకున్నామో లెక్కలేదు. చివరికి పాత పద్ధతిలోనే ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచ్ స్థానం బీసీ మహిళకు పోయింది.

నాకు సర్పంచ్ కావాలని ఉండేది. ఆడది నాకు పదవి కావాలని నోరు తెరిస్తే మా దగ్గర సిగ్గులేనిదంటారు గనక ఎవరితోనూ అనలేదు గాని, చాలా గట్టిగా ఉండేది. గుట్ట కింద మా మందలు మేసే ఊరుమ్మడి కంచ భూమి పక్కన ప్లాట్ల రాళ్లు పాతుతూ పాతుతూ లోపలికి జరుగుతున్నారు. దాని మీద పంచాయతీ తీర్మానం చేయించి, అధికారుల వెంటపడి హద్దులు వేయించాలని నా పట్టుదల. నా మనసు కనిపెట్టినట్టు అన్నే అన్నాడు, "చెల్లె, నువ్వు నిలబడాలె. సంఘమంత నీ ఎనుక ఉంటది. పద్ధతి ప్రకారం ముందు విరుద్దాం, తర్వాత అతుకుదాం."

ఆ ఆదివారం గది నిండింది. ముచ్చట నాదే, కాబట్టి మొదటి విరుపు నాదే. నేను మామూలుగానే ఎవర్నీ వదలను, నన్ను నేను వదులుతానా? "ఈమె పెనిమిటి షాద్‌నగర్ కంపెనీల పనిచేస్తడు. రేపో మాపో అక్కడనే ఇల్లు కిరాయికి తీసుకుంటరు, ఊరిని గాలికి వదిలేస్తరు" అన్నాను. "ఈమెకు ముక్కు మీద కోపం. పింఛను కోసమొచ్చిన ముసలామెను గూడ కసురుకుంటది" అన్నాను. "ఈమెకు గొర్రెలోళ్ల ముచ్చట తప్ప వేరే ఫికరే లేదు" అని కూడా అన్నాను. ప్రతి మాటకూ నవ్వులే. అన్న తొడ చరిచి మరీ నవ్వాడు. ఇంత బాగా విరిచినవాళ్లు సంఘంలో లేరన్నాడు. నేను పొంగిపోయాను. వచ్చే ఆదివారానికి నామినేషన్ల గడువు దాటిపోతుంది కాబట్టి అతుకు బుధవారం పెట్టుకున్నాం.

బుధవారం బడి అయ్యాక వెళ్లేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది. పక్కనున్న చాయ్ హోటలాయన నన్ను వింతగా చూశాడు. "మీకు తెల్వదా మేడం? వదినమ్మతోని నామినేషన్ ఏపిచ్చెతందుకు పోయిండు. మీ సంఘపోళ్లందరు ఎంట పోయిండ్రు గద" అన్నాడు.

అక్కడే నిలబడిపోయాను. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఆయన మెడలో పూలదండ ఉంది. నామినేషన్ వేసిన మనిషి ఆటోలో వెనక సీట్లో తల వంచుకుని కూర్చుంది.

"ఇదేంది అన్నా?" అన్నాను.

"పెద్దమనుషులు మెడ మీద కూసున్నరు చెల్లె. ఏం జెయ్యమంటవు? అయినా నీ తప్పులు నేను జెప్పిన్నా? నువ్వే జెప్తివి గద" అన్నాడు.

"అతుకు కాలేదు గద!"

"అతకకముందే పని అయిపాయె" అని నవ్వాడు. అదే నవ్వు, ఆదివారం నాడు తొడ చరిచి నవ్వినది. రాష్ట్రాల హక్కుల గురించి బల్లలు గుద్దిన సంఘం మొనగాళ్లు ఆయన వెనక చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు.

మరునాడు నేనొక్కదాన్నే వెళ్లి నామినేషన్ వేశాను. ఓడిపోయినా సరే, ఊరుకోవడం నా వల్ల కాదు. ప్రచారానికి ఏ గడప తొక్కినా నాకంటే ముందు నా మాటలే వచ్చి కూర్చున్నాయి. "నువ్వు షాద్‌నగర్ పోతవంట గద బిడ్డా?" "ముసలోళ్లను కసురుకుంటవంట గద?" ఎవరు చెప్పారంటే, "నువ్వే అన్నవంట, అందరు ఇన్నరంట." కాదని ఎట్లా అనను? అన్నాను కదా. మన వేలితో మన కన్నే పొడవడమంటే ఏమిటో మొదటి వాడలో పది ఇళ్లు తిరిగేసరికే నాకు తెలిసింది. మా ఆయన కూడా చిన్నబుచ్చుకున్నాడు. "నేనెన్నడన్న షాద్‌నగర్ల ఉందామన్ననా? పొద్దుగాల రైలెక్కి పోయి మళ్ల ఊరికే వస్తున్న గద" అన్నాడు. ఆయనకు విరుపు, అతుకు అని వివరించబోయి మధ్యలోనే ఆపేశాను. నాకే అది పిచ్చి ఆటలా వినిపించింది.

ఓడిపోయాను. శత్రువు ఓడిస్తే ఇంత నొప్పి ఉండేది కాదు. మాట్లాడడం నేర్పినవాడే ఆ మాటలు మూటగట్టుకుపోయి ఇంటింటా అమ్ముకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఎంపీ సీట్లు తిరిగి పంచితే దక్షిణాదికి అన్యాయమా కాదా అని మొన్న కూడా కూర్చున్నారట. విరుపు మొదలుపెట్టడానికి నన్ను రమ్మని ఆయనే కబురు పెట్టాడు. ఎంత ధైర్యం! కబురు తెచ్చిన మనిషి మొహం మీదే తలుపు వేశాను.

గణతంత్ర దినం నాడు మా బడికి జెండా ఎగరేయడానికి కొత్త సర్పంచ్ వచ్చింది. పక్కన ఆయన ఉండనే ఉన్నాడు. ఏ తాడు లాగాలో చేత్తో చూపించాడు, ఆమె లాగింది. ఉపన్యాసం ఆయనే చేశాడు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. పిల్లలకు చాక్లెట్లు పంచుతూ పంచుతూ ఆమె టీచర్ల వరస దాకా వచ్చి నా ముందు ఆగింది.

"వదినా, నేను నీకే ఏసిన" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

మొదట నాకు అర్థం కాలేదు. అయ్యాక ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదో, ఆమె మీదేనో నాకే తెలియదు.

"ఓటు నాకేసినవు సరే, నామినేషన్ మీద సంతకమెందుకు పెట్టినవు?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అట్లా నేరుగా చూడడం అదే మొదటిసారి.

"పెట్టకుంటే నేను ఏడికి పోవాలె వదినా?" అంది.

అవతల నుంచి ఆయన ఫోటోకు రమ్మని కేకేశాడు. ఆమె వెళ్లలేదు, ఇంకా నా జవాబు కోసమే నిలబడింది. ఆయన రెండోసారి కేకేసినప్పుడు, నా చేతిలో కూడా ఒక చాక్లెట్ పెట్టి వెళ్లిపోయింది.