ఒక్క పొల్లు తేడా

చర్చావేదిక మీద మాకు నేర్పిన మొదటి నియమం ఒకటే: వాదించే ముందు పదానికి అర్థం తేల్చుకోవాలి. కళాశాలలో ఆ నియమంతో ఎన్నో పక్షాలను ఇరుకున పెట్టాను. సూరత్ వచ్చిన మూడో వారంలో, మా వంటింట్లో, దాన్ని నేనే మరిచిపోయాను.

నాన్నగారికి సూరత్ పక్కనున్న హజీరాలో ఉద్యోగం. ఆయన బదిలీలతో ఏ ఊరు మారినా, అక్కడి వంట ఒక్కటైనా చేతికి వచ్చేదాకా ఆ ఊరు నాది కాదని నా పట్టుదల. ఎదురింటి పెద్దావిడను అందరూ 'బా' అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడకు ఉబ్బసం. పీల్చే మందు ఎప్పుడూ ఒళ్లోనే ఉండేది. డుమస్ సముద్రపు ఒడ్డున అమ్మే కంద్ పూరీ గురించి నాకు అర్థమయ్యేలా రోజూ హిందీలో చెప్పేది. కంద్‌ను పలుచని బిళ్లలుగా తరిగి, శనగపిండిలో ముంచి, దంచిన మిరియాలూ ధనియాలూ అద్ది వేయించాలట. మోకాళ్ల నొప్పులతో అంత దూరం వెళ్లలేకపోతున్నానని ఆవిడ దిగులు. నేనే చేసి తెస్తానన్నాను.

మా కందకూ వాళ్ల కంద్‌కూ రాతలో ఒక్క పొల్లు తేడా. బజారులో కంద కనబడగానే వేలితో చూపించి కొన్నాను, పేరు అడగలేదు. అమ్మది గోదావరి జిల్లా, కందబచ్చలి కూర నాకు కొత్త కాదు. చింతపండుతో ఉడికించకపోతే కంద గొంతు పట్టేస్తుందనీ తెలుసు. అయితే బా చెప్పిన పద్ధతిలో ఉడికించడం లేదు. మరిగే నూనెలో ఆ దురద పోతుంది కాబోలని సమాధానపడ్డాను.

బా మూడు బిళ్లలు తిన్నది. నాలుగోది చేతిలోనే ఆగింది. గొంతు సవరించుకుంది, దగ్గింది, ఆ వెనుక ఛాతీలోంచి ఈల లాంటి చప్పుడు. పెదవి అంచు ఉబ్బుతోంది. మిరియం పొలమారిందని ఆవిడ కోడలు వీపు రాస్తూ నీళ్లు పట్టింది. నేనొక బిళ్ల కొరికాను. నాలుక మీద సన్నని సూదులు దిగాయి.

మిరియమన్న మాటను అలాగే ఉండనిస్తే నన్నెవరూ అడగరు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. బా వేళ్లు మందు గొట్టం కోసం ఒళ్లో తడుముకోవడం చూశాక నిలవలేకపోయాను.

"మిరియం కాదు. నేను తెచ్చిన దుంప."

"ఏం దుంప?" అంది కోడలు.

వాళ్ల భాషలో దాని పేరు నాకు తెలియదు. ఇంటికి పరుగెత్తి మిగిలిన ముక్క తెచ్చి చూపించాను. కోడలు దాన్ని చూడగానే వీధి చివరి వైద్యుడికి ఫోను చేసింది. నా వెనకే వచ్చిన అమ్మ విషయం గ్రహించి చింతపండు రసం కలిపి తెచ్చింది. నేను ఎవరి తరఫున వాదనకు దిగినా "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అని దెప్పే మనిషి, ఆ పూట పల్లెత్తు మాట అనలేదు. దాంతో నా భయం రెట్టింపైంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి, బా కంఠం కింది గుంటనే చూస్తూ నిలబడ్డాను. ఊపిరి తీసినప్పుడల్లా అది లోతుగా పడుతోంది. ఒకసారి పడి, లేవడానికి ఆలస్యమైంది. అంతసేపూ నేనూ ఊపిరి తీయలేదు.

వైద్యుడు వచ్చి సూది వేసి, పక్కనే కూర్చున్నాడు. చాలాసేపటికి ఈల పలచబడింది. బా నన్ను వేలితో పిలిచింది. ఇక ఈ గడప తొక్కవద్దంటుందనుకుంటూనే వెళ్లాను. ఆవిడ కంద ముక్కను నా ముందుకు జరిపి, బొంగురు గొంతుతో నిదానంగా చెప్పింది.

"దీకరీ, అమ్మాయీ, ఇది సూరణ్. కంద్ లోపల ఊదారంగులో ఉంటుంది."

ఆ మాటలు నా బుర్రకెక్కింది తరువాతే. అప్పుడు విన్నది ఒక్కటే, మధ్యలో ఊపిరి కోసం ఆవిడ ఎక్కడా ఆగలేదు. చేతులు జోడించబోయి చూసుకున్నాను. కంద తరిగిన నా రెండు అరచేతులూ ఎర్రగా కంది, ఎప్పటినుంచో దురద పెడుతున్నాయి.