మైకు తాతాజీ వాన కబురు

ద్రాక్షారామం దగ్గర కాలవ గట్టునున్న ఆ ఊళ్ళో తాతాజీ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు గానీ, మైకు తాతాజీ ఇల్లెక్కడంటే పసిపిల్లలు కూడా చూపిస్తారు. ముప్పయ్యేళ్ళు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకుసెట్టు అద్దెకిచ్చిన మనిషి. డీజేలొచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక, మిగిలిన ఒక్క గొట్టం మైకుని డాబా మీద ఇనప రాడ్డుకి కట్టేసి, ఎకరన్నర కౌలుకి తీసుకుని వ్యవసాయంలో పడ్డాడు. పడ్డాడే గానీ నోరు ఊరుకోవద్దూ? ముప్పయ్యేళ్ళు మైకు ముందు బతికిన నోరది.

ఆ నోటికి మొన్న దాళ్వా కోతల్లో, అదే రెండో పంట కోతల్లో, పని దొరికింది. ఏప్రిల్ నెలాఖరు. మిషనుతో కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, నాలుగెండలు తగిలితే గానీ మిల్లువాళ్ళు ముట్టుకోరు. ఆరబెట్టడానికి అంత చోటు ఎవరికుంది? అంచేత కాలవ గట్టు రోడ్డు పొడుగునా, బస్సుకి కాస్త దారి వదిలి, ఊరందరి ధాన్యమూ పరిచి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మధ్యాహ్నం దాకా పెళపెళ ఎండ కాసి, ఎక్కణ్ణుంచో ఈదురుగాలి లేస్తుంది. దాని వెనకాలే వాన. ఒకసారి తడిస్తే గింజ రంగు మారుతుంది, ఇంకోసారి తడిస్తే మొలకే వచ్చేస్తుంది. నాలుగు నెలల కష్టం అరగంటలో నీళ్ళపాలు.

ఈ గాలివానల గురించి ముందే ఫోన్లకి మెసేజులొస్తాయి. 'మీ మండలంలో పిడుగులతో కూడిన వర్షం కురిసే అవకాశం, చెట్ల కింద ఉండరాదు' అని. అందరికీ వస్తాయి. చదివేవాడు తాతాజీ ఒక్కడే. ఫోను టింగుమనడం ఆలస్యం, పంచె ఎగ్గట్టి డాబా ఎక్కేవాడు.

"హలో, హలో, మైక్ టెస్టింగ్. రైతు సోదరులకు ముఖ్య గమనిక..."

మొదటిరోజు ఊరంతా పరిగెత్తింది. నీలం బరకాలు కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పెట్టి, గొడుగులు పట్టుకుని మరీ కూర్చున్నారు. సాయంత్రం దాకా ఎండ మాడ్చేసింది. వాన పడింది, కాదనడానికి లేదు. అదే మండలంలో ఆ చివర పడింది. మండలమన్నాక ఓ మూల పడినా పడినట్టే లెక్క. కానీ మంచి ఎండంతా బరకం పాలైనవాడికి ఆ లెక్క ఎవడు చెప్తాడు?

రెండోసారీ అంతే. అయిదోసారీ అంతే. ఏడోసారికి టీకొట్టు బుల్లియ్య ఓ సిద్ధాంతం కనిపెట్టాడు.

"ఆయ్, తాతాజీ గారు వానన్నారంటే ఎండేనండి. ఆయన అన్నప్పుడు బరకాలు తీసి ఆరబెట్టుకోండి. అస్సలు భయం లేదు."

ఊరికి ఈ సిద్ధాంతం బాగా నచ్చింది. పదకొండోసారికి తాతాజీ మైకులో గొంతు సవరించుకోగానే కప్పి ఉన్నవాళ్ళు కూడా విప్పడం మొదలెట్టారు. డాబా మీంచి అది చూసి పాపం మనిషి కుమిలిపోయాడు. రచ్చన పరువు పోతే పోయింది, ఇంట్లోనైనా ఉందా? భార్య సత్యకుమారి నోరు ఆయన మైకుకేం తీసిపోదు.

"మీ ఫోను కంటే మన గేదె నయమండి! వానొచ్చే ముందు అది కనీసం తోకైనా ఆడిస్తుంది," అని విసుక్కుంటూ రోడ్డు మీదికి పోయేది. అప్పుడు రోడ్డు మీద ఆవిడకేం పనో తాతాజీ ఏనాడూ అడగలేదు. ఆయన ధ్యాసంతా మైకు మీదే.

"ఒక్కరు నమ్మితే చాలు భగవంతుడా," అని భీమేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. "ఒక్కరంటే ఒక్కరు."

పన్నెండోసారి మెసేజు మిట్ట మధ్యాహ్నం వచ్చింది. ఈసారి అక్షరాలు ఎర్రగా ఉన్నాయి. తాతాజీ డాబా ఎక్కి ఉత్తరం వైపు చూశాడు. కొబ్బరితోటల వెనకాల ఆకాశం కాటుక పిడతలా ఉంది. కింద రోడ్డు మీదున్నవాళ్ళకి ఆ తోటలడ్డం, వాళ్ళ నెత్తిన ఇంకా ఎండే. మహా అయితే అరగంట టైముంది.

గబగబా మైకు అందుకుని "హలో, హలో" అన్నాడు. అంతే, కింద నలుగురు లేచి బరకాల అంచుల మీద ఇటుకలు తీసెయ్యడం మొదలెట్టారు. బుల్లియ్య కొట్టులోంచే చెయ్యూపుతున్నాడు, విప్పండి విప్పండి అని.

తాతాజీకి ఏడుపొచ్చినంత పనైంది. వానంటే ఊరు మునుగుతుంది. అనకపోతే ఊరు మునుగుతుంది. మైకు పట్టుకుని ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి ఆకాశం వైపు చూశాడు. అప్పుడు తట్టింది, మరి ఎలా తట్టిందో ఆ భీమేశ్వరుడికే తెలియాలి.

"రైతు సోదరులకు ముఖ్య గమనిక. ఈ రోజు వాన లేదు! చుక్క పడదు! అందరూ నిశ్చింతగా ధాన్యం ఆరబెట్టుకోవలసిందిగా మనవి!"

రోడ్డంతా ఒక్కసారి బిగుసుకుపోయింది.

"బాబోయ్! తాతాజీ గారు వాన లేదన్నారు! కప్పండ్రోయ్!" అని బుల్లియ్య వెర్రికేక పెట్టాడు.

ఇక చూడాలి ఆ పరుగులు. పారలతో ఎత్తేవాళ్ళు, కాళ్ళతో నెట్టేవాళ్ళు, టీ గ్లాసు వదిలేసి వచ్చి పక్కవాడి బరకం పట్టుకునేవాళ్ళు. ఇరవై నిమిషాల్లో గట్టంతా నీలంగా అయిపోయింది. ఆఖరి ఇటుక పెట్టారో లేదో, ఈదురుగాలి కొబ్బరిచెట్లని వంచేసింది, వాన కుండపోత. పిడుగులకి భయపడి తాతాజీ డాబా దిగి, ఇంట్లో తలుపేసుకుని, ఒక్కడే చప్పట్లు కొట్టుకున్నాడు.

వాన వెలిశాక వీధిలోకి వస్తే ఊరు ఊరంతా చుట్టుముట్టింది. ఒక్కరి ధాన్యమూ తడవలేదు. బుల్లియ్య డబ్బుల్లేకుండా అల్లం టీ ఇచ్చాడు, అది ఆ ఊరి చరిత్రలో లేదు. తాతాజీ గ్లాసు పట్టుకుని పెళ్ళికొడుకులా నడుచుకుంటూ కాలవ మలుపు తిరిగాడు. ఆయన ధాన్యం ఆ మలుపవతల ఉంది, డాబా మీంచి కనపడదు.

అక్కడ సత్యకుమారి నిలువునా తడిసి నించుని ఉంది. ధాన్యం నీళ్ళలో తేలుతోంది. బరకం మాత్రం చక్కగా మడతపెట్టి చంకలో ఉంది.

తాతాజీ గ్లాసు పక్కన పెట్టేసి నీళ్ళలోకి దిగాడు. "కప్పలేదేంటే?"

"మీరు వాన లేదన్నారు కదండీ," అందావిడ. "కప్పడానికే వచ్చాను. మీ మాట విని మళ్ళీ మడతపెట్టేశాను."

"నన్ను రోజూ తిడతావు కదే! గేదె నయమంటావు కదా!"

"తిడతాను. తిట్టి వచ్చి కప్పుతాను. పదకొండుసార్లూ ఎవరు కప్పారనుకున్నారు? మీరు మైకు దగ్గరుంటే ధాన్యం దానంతటదే కప్పుకుందా?" ఆవిడ కొంగు పిండుకుని ఆయన మొహంలోకి చూసింది. "అది సరే గానీ, వాన లేదన్నారు, మరి వచ్చిందేంటండీ?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తాతాజీ రచ్చ గెలిచొచ్చి ఇంట ఓడిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుణ్ణి అడిగిన ఆ ఒక్కరు పదకొండుసార్లుగా ఇక్కడే ఉంటే, వెళ్ళి వెళ్ళి ఆ ఒక్కరితోనే అబద్ధం చెప్పాడు. జరిగిందంతా చెప్పి, చెంపలేసుకున్నాడు. సత్యకుమారి అప్పుడు తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు.

సంగతి తెలిసి ఊరు సిగ్గుపడింది. బుల్లియ్యతో సహా అందరూ చీపుళ్ళూ పారలూ పట్టుకొచ్చి, నీళ్ళు తోసి, తమ బరకాలు పరిచి తాతాజీ ధాన్యం పల్చగా ఎండబెట్టారు. మూడు రోజులు వంతులేసుకుని తిరగబోశారు. గింజ కాస్త రంగు మారింది గానీ మొలక రాలేదు.

నాలుగో రోజు ఫోను మళ్ళీ టింగుమంది. తాతాజీ డాబా ఎక్కాడు. గొట్టం గరగరలాడగానే రోడ్డంతా పనాపి తలెత్తింది. ఈయన అవునంటే అవునో, కాదంటే అవునో, ఇప్పుడెవరికీ తెలియదు. ఈసారి హలో లేదు, రైతు సోదరులు లేరు.

"సత్యా, వానొస్తుందంట. కప్పెయ్యి."

అంతే అన్నాడు. రోడ్డంతా ఒక్కుమ్మడిగా లేచి బరకాలు అందుకుంది.

ఆ రోజు వాన రాలేదు. సాయంత్రం దాకా చుక్క పడలేదు. అందరూ గొణుక్కుంటూ విప్పుకున్నారు, అందరికంటే ఎక్కువ సత్యకుమారి తిట్టింది. తాతాజీ అరుగు మీద కూర్చుని ఆ తిట్లన్నీ హాయిగా విన్నాడు.