గుమాస్తా ముస్తకీమ్ కోచింగ్

ముస్తకీమ్ దాదా దగ్గితే తప్ప భద్రాచలం కోర్టులో తీర్పు బయటికి రాదు. నిజానికి ఆయన నలభై ఏళ్లుగా వకీళ్ల దగ్గర గుమాస్తా, అంతే.

రెండేళ్లుగా వాయిదాలు అడగడమే పనైన జూనియర్ వకీలు శోభారాణికి మొన్న మొదటి సొంత కేసు దొరికింది. పర్ణశాల వైపు రైతుది, పొలం తగాదా. ఇది పోతే వకీలు పనే మానేస్తానంది. ఖమ్మం కోచింగ్‌లో నేర్చిన ఇంగ్లిషు వాదన దాదాకు దంచి వినిపించింది.

"బాగుంది వకీలమ్మా. రైతుతోని ఎంతసేపు మాట్లాడినవ్?"

"పావుగంట, చాచా."

"ఊరికి పో. కథంతా రెండుసార్లు చెప్పించుకో. నడుమ నోరెత్తకు."

పోయింది. రెండోసారి చెబుతుంటే రైతుకు ఆ పొలానికి కట్టిన పాత శిస్తు రసీదు గుర్తొచ్చింది. అది చూసి జడ్జిగారు రైతు వైపే స్టే ఇచ్చారు.

"దాదా, మనం గూడ కోచింగ్ బోర్డు పెడ్దాం!" అంది ఇంట్లో ఈ సంగతి విన్న మనవరాలు నజియా.

"ముందు నీకే నేర్పాలె. నోరు మూసుకొని కూసో."