పసుపు పూసిన తూటాలు

పాతపట్నానికి ఆటోలో పావుగంట దూరంలో, జీడితోటల అంచున ఉన్న ఆ పల్లెలో జగ్గమ్మ అంటే తుపాకీ ఉన్న మనిషి. ఆరేళ్ల కిందట ఆమె భర్త జగన్నాధం పోయినప్పుడు, ఆ రెండు గొట్టాల తుపాకీ తనకొద్దని కొడుకు చంద్రమౌళి తెగేసి చెప్పాడు. అప్పగించేస్తే పీడా పోతుందన్నాడు. జగ్గమ్మ వినలేదు. ఏడాదిన్నరపాటు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి, లైసెన్సు తన పేరుకి మార్పించుకుంది. చోడి చేలో, అదే రాగి చేలో, అడవిపందులు పడ్డాయంటే జనం ఇప్పటికీ ఆమె గుమ్మంలోకే వస్తారు. ఈ ఆరేళ్లలో ఆమె పేల్చింది నాలుగే నాలుగు తూటాలు, అవీ గాలిలోకే. అయినా ఆమె చేను గట్టు మీద నడుస్తుంటే మగవాళ్లు పక్కకి తప్పుకుని దారిస్తారు.

కోడలు అర్చనకి ఇదంతా మొదట్లో సరదాగానే ఉండేది. ఆమె పాతపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మా అత్తకి తుపాకీ ఉంది తెలుసా అని తోటి లెక్చరర్ల దగ్గర గొప్పగా చెప్పుకునేది కూడా. అప్పట్లో అది అటక మీద రేకుపెట్టెలో, తాళంలో ఉండేది. రెండు నెలల కిందట పక్క ఊళ్లో పట్టపగలు ఒక ఇంట్లో దూరి, ఒంటరిగా ఉన్న ముసలామెను కట్టేసి బీరువా పగలగొట్టారు. ఆ మర్నాడు అర్చన కాలేజీ నుంచి వచ్చేసరికి తుపాకీ అటక దిగి, జగ్గమ్మ మంచం తలవైపు మేకుకి వేలాడుతోంది.

జగ్గమ్మ మంచం ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా ఉంటుంది. ఆ తలుపుకి జానెడు పక్కనుంచే చెక్క అడ్డు మొదలవుతుంది. అర్చన పుస్తకాలకీ, పరీక్ష పేపర్లు దిద్దుకోడానికీ ఒక గది కావాలని పెళ్లయిన కొత్తలో చంద్రమౌళి పెట్టించిన ప్లైవుడ్ అడ్డు అది. ఆ అడ్డుకి అవతల, ఆనించి వేసిన చిన్న మంచం మీద ఝాన్సీ పడుకుంటుంది. ఝాన్సీకి మూడున్నరేళ్లు.

చంద్రమౌళి బొబ్బిలిలో ఒక గోదాములో పనిచేస్తాడు, ఆదివారాలు వస్తాడు. అర్చన ఫోన్లో మొరపెట్టుకుంటే, అమ్మ మాట వినదని నీకు తెలుసు కదా అంటాడు. అతని తల్లి మొరపెట్టుకుంటే, అర్చన చదువుకున్నది, దాని మాట విను అంటాడు. ఇద్దరికీ సర్దిచెప్పానన్న తృప్తితో ఫోను పెట్టేస్తాడు.

తుపాకీని తిరిగి అటకెక్కించమని అర్చన ఎన్నో విధాల అడిగి చూసింది. దొంగ వచ్చి, నన్ను అటకెక్కి తుపాకీ తెచ్చుకోమంటాడా అని జగ్గమ్మ ఎదురడిగింది. అక్కడితో అర్చన ఒక మెట్టు దిగింది. ఎలాగూ ఉంటుంది కాబట్టి, దానిలో ఏ తూటా ఉండాలో తేల్చుకుందామనుకుంది. అది మొదలు ఖాళీ దొరికితే చాలు ఫోన్లో వీడియోలే. ఏ దేశంవాళ్లో గోడ చెక్కలు వరుసగా నిలబెట్టి కాల్చి చూపించేవారు. శనగగింజంత గుళ్లున్న తూటా నాలుగు చెక్కల్నీ దాటిపోయేది. సజ్జగింజంత గుళ్లున్నది మధ్యలో ఆగిపోయేది. వాళ్ల వెనకాల కొట్లో యాభై రకాల డబ్బాలు బారులు తీరి ఉండేవి. ఇక్కడ ఒక్క రకం గురించి అడగడానికి మనిషి దొరకడు. స్టేషన్‌కి వెళ్లి అడిగితే, ఆ లైసెన్సు పంట కాపాడుకోడానికి ఇచ్చిందని చెప్పి, "పంట ఇంట్లో పండిస్తన్నారేటమ్మా?" అని కానిస్టేబులు నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.

అడ్డు పక్కనే ఝాన్సీ పడుకుంటుంది కాబట్టి చిన్న గుళ్లవైతే మేలని తేల్చుకుని ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. జగ్గమ్మ చాటలో బియ్యం ఏరుతూ విన్నదో లేదో తెలియలేదు. పిట్టల్ని కొట్టే తూటాతో మనిషి బెదురుతాడా అని గొణిగి ఊరుకుంది.

రెండో శనివారం సెలవు రోజున అర్చన తూటాల పెట్టె తెరిపించింది. అందులో తొమ్మిది ఉన్నాయి. ఒక్కొక్క తూటా మూతి మీద ఒక అట్టబిళ్ల ఉంటుందనీ, లోపలి గుళ్లు ఏ సైజువో ఆ బిళ్ల మీదే అచ్చువేస్తారనీ అర్చన చదివి ఉంది. తీరా చూస్తే తొమ్మిదింటి మూతులూ పసుపుతో, కుంకుమతో గట్టిగా పెచ్చుకట్టి ఉన్నాయి. ఏటా మహర్నవమినాడు నాగలితో, కొడవళ్లతో, మోటారుతో పాటు తూటాల్నీ ఇత్తడి పళ్లెంలో నిలబెట్టి పూజ చేయడం జగన్నాధం అలవాటు. నిలబెడితే పైకి ఉండేది మూతే కదా, గంధం, పసుపు, కుంకుమ అన్నీ దాని మీదే. ఆయన పోయాక జగ్గమ్మ ఒక్క ఏడాదీ మానలేదు. పదేళ్ల పూజ ఆ అక్షరాల మీద పేరుకుపోయి ఉంది.

"అత్తా, ఏది ఏటో నీకెలా తెలుస్తాది?" అని అడిగింది అర్చన. ఐదేళ్లలో ఆ ఊరి మాట ఆమెకీ పట్టుబడింది.

"ఎర్రయి పిట్టలకి, పచ్చయి పందులకి. మీ మావ సెప్పినాడు."

రంగుకీ లోపలి గుళ్లకీ సంబంధం ఉండాలని ఎక్కడా లేదని అర్చన వాదించింది. మీ మావ అబద్ధమాడతాడా అని జగ్గమ్మ ముఖం తిప్పుకుంది. ఇక లాభం లేదని అర్చన ఒక పచ్చ తూటా తీసుకుని తడిగుడ్డతో మూతి తుడిచింది. పసుపు కరిగింది, దానితోపాటే అచ్చూ కరిగిపోయింది. తడికి అట్ట ఉబ్బి మెత్తబడింది. ఏ రంగు దేనిలో కరుగుతుందో రోజూ పిల్లలకి పాఠం చెప్పే మనిషి, ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేదే. ఆ గుడ్డను పెరట్లోకి విసిరికొట్టింది.

ఆ వెంటనే వచ్చిన సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, శ్రీకాకుళంలో ఆయుధాలమ్మే సూరయ్య కొట్టుకి అత్తని బయల్దేరదీసింది. లైసెన్సు ఉన్న మనిషి స్వయంగా రావాలి కాబట్టి జగ్గమ్మ రాక తప్పలేదు. ఎలాగూ వెళ్తున్నాం, ట్రిగ్గరు బిగుసుకుంటోంది చూపిద్దామని ఆమె తుపాకీని గుడ్డసంచీలో పెట్టి తెచ్చింది. ఊళ్లో రాంబాబు కారు మాట్లాడుకున్నారు. ఝాన్సీని వదిలే చోటు లేక వెంటబెట్టుకెళ్లారు. దారి పొడుగునా అత్తాకోడళ్లు ఝాన్సీ అడిగిన ప్రశ్నలకే జవాబులు చెప్పారు.

సూరయ్య అరవై దాటిన వ్యాపారి. వాళ్ల తండ్రి నాటి నుంచీ అదే కొట్టు. ముందు లైసెన్సు పుస్తకం చూశాడు, తర్వాత తుపాకీని మధ్యలో వంచి తెరిచి గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో చూశాడు, ఆ తర్వాతే తూటాల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. మూతులు చూడగానే అతనికి నవ్వొచ్చింది. దసరా వెళ్లాక తన దగ్గరికి ఇలాంటివి చాలానే వస్తాయనీ, ఒకాయన ఏకంగా వాటి మీద నిమ్మకాయ పిండి తెచ్చాడనీ చెప్పాడు. అర్చనకి నవ్వు రాలేదు.

"పుస్తకంలో లెక్క పదకొండున్నాది. ఇక్కడ తొమ్మిదే ఉన్నాయేటి జగ్గమ్మగోరూ?" అన్నాడు.

జగ్గమ్మ తడబడింది. కోడలివైపు చూడకుండా, నడుముకి దోపుకున్న వక్కాకు సంచీ తీసి, అందులోంచి రెండు ఎర్ర తూటాలు బల్ల మీద పెట్టింది. వాటికీ మూతి నిండా పసుపే.

"ఈ రెండూ సేతికందేటట్టు ఎట్టుకున్నాను. పిట్టలయి." ఎటో చూస్తూ ఇంకో మాట అంది. "ఇది సెప్పింది కదా, మన ఝాన్సీ గుంట పక్కనే పడుకుంటాదని. అందుకే పచ్చయి ముట్టుకోనేదు."

బియ్యం ఏరుతూ అత్త అంతా విన్నదన్నమాట. విని, ఒక్క ముక్క చెప్పకుండా తనకి తోచిన జాగ్రత్త తాను తీసుకుంది. రెండు నెలలుగా అర్చన, గోడకి చెబుతున్నాననుకుంది. ఎంత కోపం తెచ్చుకుంది.

సూరయ్య ఆ రెంటినీ దీపం కిందకి జరిపి, పల్చటి ఎముక పుల్లతో పసుపు పెచ్చును తడి లేకుండా, నెమ్మదిగా అంచు నుంచి లేపాడు. మొదటిదాని మీద ఆరు అంకె సగం కనిపించింది. అవి చిన్న గుళ్లే, పిట్టలవే. జగ్గమ్మ కోడలివైపు, చూశావా అన్నట్టు చూసింది. రెండోదాని మీద పెచ్చు రెండు ముక్కలుగా లేచింది. కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

"ఇది ఎల్.జి. అమ్మా. పెద్ద గుళ్లు. పందులకి కొట్టేది ఇదే," అన్నాడు సూరయ్య. "రంగుదేటుంది, ఆ ఏడు సరుకు ఎలగొస్తే అలగే."

జగ్గమ్మ ఆ తూటాని చేతిలోకి తీసుకుని, ఏదో కళ్లకి కనిపించనిది వెతుకుతున్నట్టు తిప్పితిప్పి చూసింది. ఆ రెండూ రెండు గొట్టాల్లో పెట్టడానికే ఉంచుకుంది. తలుపు వైపు ఎత్తినప్పుడు ఏ గొట్టం ముందు పేలేదో, చెయ్యి జానెడు పక్కకి జరిగితే ఏమయ్యేదో అర్చన చెప్పాల్సిన పని కనిపించలేదు. ఝాన్సీ బల్ల కింద దూరి సూరయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటోంది.

పాతవన్నీ తనకి అప్పగించేస్తే కాగితాలు రాసి పంపిస్తానని సూరయ్య చెప్పాడు. చిన్న గుళ్లవి కొత్త సరుకు వచ్చిందనీ, వీటికి పైన అంకె చెరిగిపోదనీ ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. రెండు నెలలుగా అర్చన వెతుకుతున్నది అదే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

జగ్గమ్మ డబ్బాని కాదు, కోడలిని చూసింది.

"నువ్వు సదువుకున్నావు. సరిగ్గా సెప్పు. ఇదైతే ఆ సెక్క దాటదు కదా?"

అర్చన అవునందామనుకుంది. నోరు తెరిచింది కూడా. ముందుగది తలుపు మంచానికి పన్నెండడుగులు. అంత దగ్గర్లో చిన్న గుళ్లు చెదరవు, ఒకే ముద్దగా వెళ్తాయి. ఆ వీడియోల్లో చిన్న గుళ్లు మధ్యలో ఆగింది నిజమే, కానీ మొదటి చెక్కని దాటాకే ఆగాయి. ఆ సంగతి ఆమె చూసింది, చూసి పక్కన పెట్టింది. ఏదో ఒక తూటా సరైనదై తీరాలని పట్టుబట్టి, జవాబు ముందే రాసుకుని లెక్క చేసింది. ఏ పిల్లాడైనా పరీక్షలో అలా చేస్తే సున్నా వేసేది.

"ఇటుక గోడైతే ఆగొచ్చు అత్తా. చెక్కని దాటుతాది," అంది.

"మరి ఏది దాటదు?"

"ఏదైనా దాటుతాది."

"రెండు నెలలు నా సెవులు తినేసింది దీనికేటే?" అంది జగ్గమ్మ. అందులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. అర్చనకి తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

తుపాకీలు కూడా భద్రపరుస్తావా అని జగ్గమ్మ సూరయ్యని అడిగింది. తుపాకీ తన దగ్గర ఉంచొచ్చనీ, అందుకు లైసెన్సు పోదనీ, కావాలన్నప్పుడు తీసుకెళ్లొచ్చనీ అతను చెప్పాడు. మళ్లీ దొంగలొస్తే ఏం చేస్తామో, రేపు చేలో పందులు పడితే గుమ్మంలోకి వచ్చినవాళ్లకి ఏం చెబుతామో అర్చనకి తోచలేదు. ఒక భయం తీరితే దాని చోటులో ఇంకోటి వచ్చి కూర్చుంటోంది. తలుపుకి ఇనప గడియ వేయించాలి, చెక్క తీయించి ఇటుకలు కట్టించాలి, చంద్రమౌళికి ఫోను చేస్తే చూద్దాంలే అంటాడు.

సూరయ్య తుపాకీ భద్రపరిచే దరఖాస్తు తీసి నింపడం మొదలుపెట్టాడు. కారణం అన్న గడి దగ్గర కలం ఆపి, ఊరు వెళ్తున్నారని రాసేస్తే సరిపోతుందన్నాడు. అందరికీ అలాగే రాస్తాడట.

"నాను ఏ ఊరెళ్తన్నాను?" అంది జగ్గమ్మ. "ఇంట్లో సిన్నపిల్ల ఉన్నాదని రాయి."

అలా రాస్తే పైవాళ్లు ఇదేం కారణమని అడుగుతారని సూరయ్య నసిగాడు.

"అడగనీ. అడిగితే నానే వచ్చి సెప్తాను."

సూరయ్య కోడలివైపు చూశాడు, ఆమెకైనా నచ్చజెప్పమన్నట్టు. అర్చన అతని చేతిలోంచి కలం తీసుకుని, ఆ గడిలో అత్త చెప్పిన మాట తనే రాసింది.